వామి వెనక

జీపు గుట్ట మలుపు తిరిగిన శబ్దం వినపడగానే, "మారీ, వామి వెనక్కి పో," అన్నాను. నా బిడ్డ మారక్కకు ఇది అలవాటే. కర్ర పట్టుకొని, మోకాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకుంటూ ఇంటి పక్కన పేర్చిన చెనిక్కాయ కట్టె వామి వెనక్కి పోయింది. దానికి అప్పుడు పదేళ్ళు.

అది పాకే వయసులో మా బావులు ఎండిపోయినాయి. వానలు లేవు, చెనిక్కాయ పైరు ఊడలు దిగకుండానే మాడిపోయేది. అప్పుడు గవర్నమెంటువాళ్ళు ఊరి మొదట్లో లోతుగా బోరు వేయించారు. ఊరంతా ఆ నీళ్ళే తాగింది. కొన్నాళ్ళకు పిల్లల పళ్ళు చింతగింజ రంగుకు తిరిగాయి. తర్వాత కాళ్ళు వంగాయి. పావగడ ఆస్పత్రిలో డాక్టరు మారక్కను చూసి, "నీళ్ళు మార్చమ్మా," అన్నాడు. ఏ నీళ్ళకు మార్చాలో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. కళ్ళంలో కాయలు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. చివర్న రాశి అడుగు ఊడ్చకుండా కొంచెం వదిలేస్తారు. పిల్లల సంగతీ అంతే. ఎంతమంది బిడ్డలని ఎవరైనా అడిగితే ఒకరిని తగ్గించి చెప్తాం. దిష్టికి సరైన లెక్క తెలియకూడదు కదా. అందరూ తగ్గించేది ఏదో ఒక బిడ్డను. నేను తగ్గించేది ఎప్పుడూ మారక్కనే. ఎండాకాలంలో సర్వే అని ఒకాయన ఇంటింటికీ వచ్చినప్పుడు కూడా, "ఒక్కడే కొడుకు సార్," అని రాయించాను.

ఈసారి జీపులో వచ్చింది రాసుకొనేవాళ్ళు కాదు. తుమకూరు నుంచి ఒక మేడమ్ వచ్చింది, స్కూలు వసారాలో అందరూ కూర్చోవాలని చెప్పింది. నేను ఇంటికి తాళం వేసి బయల్దేరాను. తలుపు తీసి ఉంటే ఎవరైనా లోపలికి తొంగిచూస్తారేమో, మారక్క గుడ్డలు చూస్తారేమో అని భయం.

దారిలోనే పంచాయతీ మెంబరు సంజీవప్ప ఆడవాళ్ళను నిలబెట్టాడు. "కాళ్ళ మాట ఎత్తద్దండమ్మా. కుంటోళ్ళ ఊరని కాగితంలో పడిందంటే మన పిల్లోళ్ళకి సంబంధాలు యాడ దొరుకుతాయి?"

ఆయన చెప్పకపోయినా నేను ఎత్తేదాన్ని కాదు.

మేడమ్ కన్నడ యాసతో తెలుగు మాట్లాడింది. "పోయినసారి రాసిన దాంట్లో మీ ఊళ్ళో కాళ్ళు, నడుము వంగినోళ్ళు ఒక్కరూ లేరు. జీపు దిగి ఇక్కడికి వచ్చేలోపే నాకు కొంతమంది కనపడినారు. అంటే మేము అడిగే తీరులోనే తప్పుండాది. సర్వే ప్రశ్నలు మళ్ళీ రాస్తా ఉన్నాం. ఎట్లా అడిగితే చెప్తారో మీరే చెప్పండి. లెక్కలో జబ్బు కనపడితేనే ఈ బోరు మూసి, వేరే నీళ్ళు తెప్పించమని పైన అడగగలం."

"అట్లాంటోళ్ళు మా ఊళ్ళో యాడున్నారు మేడమ్," అన్నాడు సంజీవప్ప. "మీకు కనపడినోళ్ళు జాతరకు వచ్చినోళ్ళు."

బోరయ్య తాత గోడకు ఆనుకొని ఉన్నాడు. ఆయన నడుము వంగిపోయి ఆకాశం చూసి ఏళ్ళయింది. "అవునప్పా," అన్నాడు నేలకేసి చూస్తూనే. "నేనూ జాతరకొచ్చినోడినే. పుట్టినప్పుడు వచ్చినా. తిరిగి పోయేదానికి బస్సు దొరకలేదు."

అందరూ నవ్వారు. ఆ నవ్వుకు ధైర్యం వచ్చి మా పక్కింటి వెంకటక్క నోరు తెరిచింది. "బిడ్డలెంతమంది అంటే మేము నిజం చెప్పం మేడమ్. ఒకర్ని తగ్గిస్తాం. దిష్టి తగుల్తాది."

"అట్లనా," అంది మేడమ్. "తగ్గించే ఆ ఒక్కరు ఎవరమ్మా?"

నవ్వు ఆగిపోయింది. నేను ముందు వరుసలో కూర్చొని ఉన్నాను. మేడమ్ నావైపు తిరిగింది. "మీ ఇంట్లో బిడ్డలెవరెవరమ్మా?"

నాకు మొదట కనపడింది వసారా బయట ఉన్న జీపు. మారక్క ఉందని చెప్తే దాన్ని అందులో ఎక్కించుకొని బెంగళూరు ఆస్పత్రికి తీసుకుపోతారు, కాళ్ళు కోస్తారు, అక్కడే ఉంచేస్తారు అనుకున్నాను. అలా జరిగిందని నాకు ఎవరూ చెప్పలేదు. నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఈ భయం కింద ఇంకొకటి ఉంది. ఇంతమందిలో అది నా బిడ్డ అని చెప్పడానికి నాకు సిగ్గు.

"ఒక్కడే కొడుకు," అన్నాను. "ఇంకెవరూ లేరు మేడమ్."

మేడమ్ చూపు నా భుజం మీదుగా పోయింది. తిరిగి చూశాను. వసారా మెట్టు దగ్గర మారక్క కర్ర మీద వాలి నిలబడి ఉంది. ఎండ వామి వెనక్కి తిరిగింది కాబోలు, ముఖం కమిలిపోయింది. నీళ్ళ బిందె ఇంట్లో ఉంది. తాళంచెవి నా కొంగున ఉంది.

"ఎవరి పాపవమ్మా నువ్వు?" అంది మేడమ్.

మారక్క నన్ను చూసింది. నేను తల దించుకున్నాను.

"నేను ఈ ఊరు కాదు మేడమ్," అంది మారక్క. "వెంకటక్కోళ్ళ ఇంటికి చుట్టపుచూపుకి వచ్చినా."

"ఏ ఊరు మరి?"

"రాయచెర్లు."

తడుముకోకుండా చెప్పింది. ఊరంతా అక్కడే ఉంది, దాని నామకరణం నాడు బెల్లం తిన్నవాళ్ళే అందరూ. వెంకటక్క పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చూసినారా మేడమ్," అన్నాడు సంజీవప్ప. "బయటూరోళ్ళని నేను చెప్పలేదా?"

నేల చీలితే బాగుండు అంటారు. నాకు అలా అనిపించలేదు. నా గొంతు నొక్కుకోవాలనిపించింది. దాన్ని దాచింది నేను. ఇప్పుడు అది నన్ను దాస్తోంది.

"రాయచెర్లు నీళ్ళూ మన నీళ్ళ మాదిరే ఉన్నట్టుండాయే," అన్నాడు బోరయ్య తాత మెల్లగా. ప్రత్యేకించి ఎవరితోనూ కాదు.

నేను లేచి నిలబడ్డాను. "ఎంతమందని అడగద్దు మేడమ్," అన్నాను. "లెక్కంటే మాకు తగ్గించేది అలవాటు. పేర్లు అడగండి. ఒక్కొక్కరి పేరు, వాళ్ళకేం బాధ ఉండాదో అడగండి. పేరు చెప్పినాక తగ్గించేదానికి కుదరదు."

మేడమ్ రాసుకుంది. "మంచి మాటమ్మా. మీ ఇంట్లో పేర్లు చెప్పండి."

"కొడుకు పేరు నాగన్న," అన్నాను. మెట్టు వైపు చేయి చూపించాను. "ఈమె మారక్క. నా కడుపున పుట్టినాది. రాయచెర్లు కాదు."

సంజీవప్ప ముఖం చిట్లించాడు. నాకు కన్నీళ్ళు వచ్చాయి. మారక్క మాత్రం నా దగ్గరికి వచ్చి చేయి చాచింది.

"తాళంచెవి ఇయ్యి మా. దప్పి ఐతాంది."

ఇచ్చాను. ఇంటికి పోయి అది తాగేది ఆ బోరు నీళ్ళే. వేరే నీళ్ళు ఎక్కడున్నాయి? అది మెట్టు దిగి పోతుంటే వసారాలో అందరూ దాని కాళ్ళనే చూశారు. చూడనట్టు ఉండడానికి ఇక ఎవరికీ వీలు లేకపోయింది. వెనక నుంచి వెంకటక్క తన మనవడి పేరు చెప్పడం వినపడింది. తర్వాత ఇంకెవరో చెప్పారు. నేను వినలేకపోయాను.

కొత్త ప్రశ్నలతో మళ్ళీ మనుషులు వచ్చేసరికి చలికాలం అయింది. మా గడప దగ్గర ఒక అబ్బాయి నిలబడి, "ఇంట్లో అందరి పేర్లు చెప్పండమ్మా," అన్నాడు. మేడమ్ నా మాట ఉంచింది. నేను మొదట మారక్క పేరు చెప్పాను.

"కాళ్ళకు బాధ ఉందా? ఒకసారి పిలవండి, చూడాలి."

పిలిచాను. పలకలేదు. ఇంట్లో లేదు. తలుపు మూల కర్ర లేదు.

వామి వెనక్కి పోయాను. వామిలోంచి ఎండాకులు రాలి జుట్టు నిండా పడినా దులుపుకోకుండా అది ముడుచుకొని కూర్చొని ఉంది.

"పోయినారా మా?"

"లేదు. నిన్నే అడుగుతాండారు. రా."

"లేదని చెప్పు."

"ఉండావని చెప్పేసినా, నీ పేరే మొదట చెప్పినా. లెయ్."

అది నన్ను అనుమానంగా చూసింది. గడప దగ్గర ఆ అబ్బాయి దాని పేరు పెట్టి గట్టిగా పిలిచాడు. లేపడానికి చేయి చాచాను. మారక్క నా చేయి పట్టుకోకుండా, దాని పక్కనుంచి చేయి చాపి కర్ర అందుకుంది.