మడమలెత్తిన పిల్ల

క్యాథరిన్ టీచరుది మంచి మనసే, కాదనేవాళ్ళు మండవల్లిలో ఎవరూ లేరు. ఆ ఆదివారం మాత్రం ఆవిడ నోరు ఎంత పని చేసిందో చూడండి.

పాటలు చూపించడానికి చర్చి గోడకి పెద్ద టీవీ పెట్టారు. సండేస్కూలు పిల్లలకి బైబిలు కథలు చూపిస్తానని సంఘపెద్ద దేవదానంగారిని బతిమాలి, దాన్ని వాడుకోవడానికి ఒప్పించుకుంది క్యాథరిన్. నాలుగు వారాలు తిరక్కుండానే పిల్లలకి విసుగొచ్చింది. క్రిస్మస్‌కి దేవదూతల యాక్షన్ సాంగ్ నేర్పాలి కదా, చేతులెలా తేలాలో చూస్తారని ఓ విదేశీ బ్యాలే డాన్సు రికార్డింగు ఫోన్లోంచి పెట్టింది. తెల్లబట్టల అమ్మాయిలు కాలివేళ్ళ కొసల మీద నిలబడి జారిపోతూంటే పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టారు. అందరిలోకీ ప్రీతికి పిచ్చి పట్టుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల, షెడ్డులో చేపలకి ఐసు కొట్టి ప్యాకింగు చేసే అచ్చమ్మ కూతురు. ఇంట్లో, చెరువుగట్టు మీద, ఆఖరికి ప్రార్థనకి నిలబడ్డా మడమలెత్తే ఉండేది. "దూతల్లో ముందు నువ్వేనే" అంది క్యాథరిన్. ఆ ఒక్క మాటకి అచ్చమ్మ ఏలూరు వెళ్ళి తెల్లగౌను కొనేసింది.

అలా ప్రతి ఆదివారం చూస్తున్నారు. ఆ ఆదివారం "ఇక్కడ ఆపి చూద్దామండీ" అని ప్రీతి అడిగితే రిమోట్ పిల్ల చేతికే ఇచ్చింది టీచరు. ప్రీతి ఆపీ ఆపగానే, మైకు కోసం దేవదానంగారు లోపలికొచ్చారు. తెర మీద బిగుతుబట్టల మగాడొకడు అమ్మాయిని నడుం పట్టుకుని పైకెత్తి, అలాగే ఆగిపోయి ఉన్నాడు.

"దేవుడి మందిరంలో ఎవరమ్మా ఇది పెట్టింది?"

క్యాథరిన్ గభాల్న లేచింది. "పిల్లలండీ... ఏదో నొక్కేశారండీ" అనేసింది.

అందరి కళ్ళూ ప్రీతి చేతిలో రిమోట్ మీదికి పోయాయి. ప్రీతి ఓసారి టీచరు వంక చూసి, తల దించుకుంది.

"నేనేనండీ" అంది.

"ఈ పిల్లని యాక్షన్ సాంగ్‌లోంచి తీసెయ్యండి" అని ఆయన మైకు తీసుకుని వెళ్ళిపోయారు. అప్పుడైనా మన టీచరు నోరు పెగిలిందా? అబ్బే!

ఆ వారమంతా క్యాథరిన్‌కి అన్నం సహించలేదు. చాలదన్నట్టు శుక్రవారం పొద్దున్నే అచ్చమ్మ ఓ కొర్రమీను పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"పిల్ల తెలీక చేసిందండీ. రెండు దెబ్బలు కూడా వేశానండీ. దానివల్ల మీకు మాటొచ్చింది, ఏమీ అనుకోకండి టీచరుగారండీ. పెద్దాయనతో మీరొక్క మాట చెబితే..."

క్యాథరిన్ సిగ్గుతో చచ్చిపోయింది. ఆ చేప తీసుకోవడానికి చేతులు రాలేదు, వద్దనడానికి నోరూ రాలేదు.

ఆదివారం సాక్ష్యాల వేళ జ్వరం తగ్గిందని ఒకరు, చెరువులో రొయ్య తెగులు రాకుండా నిలిచిందని ఒకరు లేచి స్తోత్రాలు చెప్పుకున్నారు. క్యాథరిన్ కూడా లేచింది.

"ఆ వీడియో పెట్టింది నేనండీ. రిమోటిచ్చిందీ నేనే. భయపడి పసిపిల్ల మీదికి తోసేశాను."

ఆడవాళ్ళ వైపు కూర్చున్న అచ్చమ్మ, కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, తను కొట్టిన వీపు నిమురుతూ ఏడ్చింది.

"పిల్లని చేర్చుకోండమ్మా. టీవీ జోలికి మాత్రం ఇంక రాకండి" అన్నారు దేవదానంగారు.

హమ్మయ్య, అంతా సర్దుకుంది అనుకుంది క్యాథరిన్, పిచ్చిది.

ఆ సాయంత్రమే ప్రాక్టీసు. ప్రీతి ముందు వరసలో నిలబడింది. చేతులు చక్కగా తేలుతున్నాయి. మడమలు మాత్రం నేలకి అతుక్కుపోయాయి.

"మడమలెత్తమ్మా."

"వద్దండీ."

"ఇంకెవరూ ఏమీ అనరే తల్లీ. నేనున్నాగా!"

ప్రీతి తలెత్తి చూసింది. ఆ మొహంలో కోపమేమీ లేదు.

"అప్పుడూ ఉన్నారు కదండీ" అంది.