గాలి దిక్కు వరుస

మొయినాబాద్ దాటి చేవెళ్లకు వెళ్లే దారిలో, ఒకప్పటి గులాబీ తోటలో, కొండ లేని సొరంగం ఒకటి ఉంది. రహదారి సొరంగంలో వాహనం అంటుకుంటే సన్నని నీటి తుంపరతో మంటను అణచవచ్చునా అని పరీక్షించేందుకు కట్టిన నలభై మీటర్ల కాంక్రీటు గొట్టమది.

ఇంజినీరు సమత రూపొందించిన పద్ధతికి ఆనాడు అంతిమ పరీక్ష. కాలుతున్న పాత కారు పక్కన నిలిపిన కొలత పరికరంలో వేడి ఐదు నిమిషాల్లో అరవై డిగ్రీలకు దిగాలి. అవకాశాలు రెండే. రెండూ పోతే ఆమె రెండేళ్ల శ్రమ మూలకు చేరినట్లే. పరీక్షాధికారి దయానందం గారు ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కాతో గాలి వచ్చే ముఖద్వారం వద్ద ఆసీనులయ్యారు. ఆయన వరకు పొగ వచ్చినా పరీక్ష తప్పినట్లే.

అందుకే సమత సొరంగంలోకి గాలి తోసే పంకాను పూర్తి వేగంతో తిప్పించి, సరిగ్గా కారు నెత్తిన ఉన్న, తుంపర చిమ్మే నాజిళ్ల వరుసను తెరిపించింది. పొగ ఎంతో క్రమశిక్షణతో అవతలి ద్వారం గుండా వెళ్లిపోయింది. దాని వెంట తుంపర కూడా వెళ్లిపోయింది. కారు మాత్రం నిశ్చింతగా కాలుతూనే ఉంది.

అంతలో, అవతలి ద్వారం ముందు భోజనాలు వండుతున్న సాలమ్మ గరిటెతో సహా సొరంగం చుట్టూ తిరిగి వచ్చింది.

"ఏం మంట ఆర్పిండ్రు బిడ్డా! మీ కారు మండుతనే ఉన్నది, నా పొయ్యి సల్లారిపాయె. బగారన్నం సగమే ఉడికింది!"

"మొదటి ప్రయత్నం విఫలమైనది," అన్నారు దయానందం గారు గడియారం చూసి. "ఆరిన పొయ్యికి మార్కులు లేవు."

నీటి గొట్టాలతో ఆ మంటను ఆర్పి, మరో పాత కారును లోపలికి నెట్టారు. పంపు చూసే అంతయ్య అప్పుడు నోరు విప్పాడు. అదే తోటలో, పంకాలు తిరిగే పాలిథిన్ షెడ్లలో, పదకొండేళ్లు గులాబీలకు తుంపర పట్టినవాడతడు.

"మేడం, జర వినున్రి. పంకా తిరుగుతుంటే మొక్క నెత్తి మీది వరుస ఎన్నడు ఇప్పం. గాలి వచ్చే దిక్కు వరుస ఇప్పుతం. గాలే మోసుకొచ్చి మొక్క మీద పోస్తది. పంకా గూడ కొంచెం తగ్గిస్తం."

"తగ్గిస్తే పొగ సార్ మీదికి మర్లదా, బాపు?"

"మర్లితే సార్ ఒక్క అడుగు ఎనుకకు జరుగుతడు, ఏమైతది?"

"నేను జరుగను," అన్నారు దయానందం గారు.

కారుకు నిప్పంటించాక సమత పంకా వేగాన్ని పావు వంతు తగ్గించి, గాలి దిక్కు వరుసను తెరిపించింది. పొగ తెల్ల చొక్కా వైపు రెండు బారలు వచ్చి, సందేహించి, వెనుదిరిగింది. తుంపర వచ్చి కారును కప్పేసింది. తొంభై. డెబ్బై. నాలుగో నిమిషానికి యాభై ఎనిమిది.

దయానందం గారు కలం తీశారు. "ఈ మార్పు ఎవరిది?"

"అంతయ్య బాపుది, సార్. ఆయన పేరు కూడా రాయండి."

"విద్యార్హత?"

అంతయ్య తల గోక్కున్నాడు. "గులాబీలు, సార్."

దయానందం గారు విద్యార్హత గడిలో అదే మాట స్పష్టమైన అక్షరాలతో రాసి, కింద సంతకం చేశారు.