వెనక సగం

చీర కుచ్చిళ్ళకి అంటిన బురద మూడోసారి జాడిస్తుంటే, నూతిగట్టు దగ్గరికొచ్చి శుభవార్త చెప్పారు మా ఆయన సత్యదుర్గారావు గారు.

"తులసీ, పాత వ్యాను ఇచ్చేసి కొత్తది తీసుకుంటన్నాం. తెల్ల రంగు, లోపల టేపు రికార్డరు. హారతి పళ్ళెం సిద్ధం చేసుకో."

"నాలుగు చక్రాలూ లాగేదేనాండీ?"

"నాలుగూ తిరక్కపోతే అది బండెలా అవుద్దే?" అని ఆయన నవ్వారు. "దానికి బండి సంగతులేం తెలుస్తాయిరా, పళ్ళెం సంగతి చెప్పు చాలు" అని లోపల్నుంచి మా అత్తగారు రాజేశ్వరమ్మ గారు.

తిరగడం వేరు, లాగడం వేరు. మా వ్యానులో వెనక రెండు చక్రాలే లాగుతాయి. ముందు రెండూ దర్జాగా దొర్లుతాయి. మా కాపురం కూడా అదే మోడలు. మాది గోదారి మధ్య లంక. మా కొబ్బరికాయలు అంబాజీపేట మార్కెట్టుకి చేరాలంటే, వ్యాను పంటు అనే బల్లకట్టెక్కి గోదారి పాయ దాటి, అవతలి రేవులో తడి ఇసుక ఏటవాలు ఎక్కాలి. అక్కడే దిగబడుతుంది. స్టీరింగు ఆయన పట్టుకోవాలి కాబట్టి తొయ్యాల్సింది నేను. పొద్దున్నే ఇంటిల్లిపాదికీ వండి, కూలీలకి పెట్టి, కాయలు ఎక్కించి, ఆ పైన ఇది. పధ్నాలుగేళ్ళుగా కొబ్బరితోపు ఆయనది, బండితోపు నాది. గట్టెక్కాక ఆపితే మళ్ళీ దిగబడుతుందని ఆయన ఆపరు. రెండుసార్లు హారను కొట్టి వెళ్ళిపోతారు. అదే నాకు థాంక్సు. మొన్న శ్రావణంలో బండి ఒక్కసారిగా ముందుకి దూకేసరికి బోర్లా పడ్డాను. నోటినిండా ఇసుక. ఆరోజూ రెండు హారన్లే. అర్ధాంగి అంటే మొగుడిలో సగమని పెళ్ళిలో చెప్పారు గానీ, వెనక సగమని చెప్పలేదు.

ఆ నెలలోనే వరద డ్యూటీ జీపొకటి, ఎవరూ తొయ్యకుండా ఆ ఇసుక ఎక్కేసింది. డ్రైవరు వీరబాబు గారు గేరు పక్కనున్న చిన్న రాడ్డు చూపించారు.

"ఇది వేస్తే ముందున్నవి కూడా పని చేస్తాయండమ్మా."

"ముందున్నవి పని చేస్తాయా!" అని నేనెందుకంత ఆశ్చర్యపోయానో ఆయనకి అర్థం కాలేదు.

ఆయన శుభవార్త చెప్పిన మర్నాడు షోరూముకి నేనూ బయల్దేరాను. అక్కడి సేల్సు మనిషి నాగసతీష్ మా ఆయనకి ఇంజను గురించీ, నాకు సీటు కవర్ల గురించీ చెప్పాడు.

"నాలుగు చక్రాలూ లాగే లోడు బండి ఉందాండీ?" అన్నాను.

అడిగింది నేనైతే, జవాబు మా ఆయనకి చెప్పాడు. "ఉందండి. ఖరీదెక్కువండి. తెప్పించడానికి నెల పడుద్దండి."

"అదెందుకు? ఇందాక ట్రయలేశాం గదా, తెల్లది గుర్రంలా పోయింది" అన్నారాయన.

"ఖాళీగా, తారురోడ్డు మీద పోయిందండీ. మన కాయలేసి రేవు ఎక్కించండి. ఎక్కితే తెల్లదే కొందాం."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు సతీష్, ఈసారి నాకే.

గురువారం సతీష్ తెల్ల వ్యాను లంకకి తెచ్చాడు. కాయలు నింపి పంటు మీద దాటించాం. స్టీరింగు దగ్గర మా ఆయన, పక్కన సతీష్. ఏటవాలు సగం ఎక్కి, వెనక చక్రాలు గిర్రున తిరిగి, ఇసుకలో కూరుకుపోయాయి.

ఎవరూ పిలవకుండానే కుచ్చిళ్ళు దోపుకుని వెనక్కి వెళ్ళిపోయాను. అలవాటు అలాంటిది. రెండు అరచేతులూ వెనక తలుపుకి ఆనించాను. కొత్త రంగు వాసన. పక్క అద్దంలో ఆయన కళ్ళు.

"తులసీ, ఒక్క తోపు!"

చేతులు తీసేశాను. దోపిన కుచ్చిళ్ళు వదిలేశాను.

"తొయ్యనండి."

"ఏవైందే?"

"ఏం కాలేదండి. బండిని చూడ్డానికి వచ్చేం గదా. చూద్దాం."

ఆయన హారను కొట్టారు. నేను కదల్లేదు. "దిగండి రావుగారూ!" అని పంటు మీంచి ఎవరో అరిచారు. ఇస్త్రీ పంట్లాంతో దిగారు. సతీష్ స్టీరింగు అందుకున్నాడు. మూడో తోపుకి బండి ముందుకి దూకింది, ఆయన మోకాళ్ళ మీద పడ్డారు. సతీష్ ఆపలేదు. ఆపితే దిగబడుతుంది కదా.

తిరుగు పంటులో మోకాళ్ళకంటిన ఇసుక దులుపుకుంటూ అడిగారు.

"ఆ నాలుగూ లాగేది... నెల పడుద్దన్నాడు కదూ?"

"ఆయ్. అప్పటిదాకా పాతదే గదండీ. తొయ్యడానికి వంతులేసుకుందాం."

ఇంటికొచ్చాక పంట్లాం విప్పి నూతిగట్టు మీద పడేశారు. "తులసీ, ఇది కాస్త..."

సబ్బూ బకెట్టూ ఆయన దగ్గరికి జరిపాను.