కావాలా, వద్దా, పిలిస్తే రావాలా

ఆ భవనంలో అందరూ ఆమెను ఆపరేటరమ్మ అనే పిలుస్తారు. పందొమ్మిదో ఏట విషజ్వరంలో చూపు పోయింది. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు ఒక పెద్ద కార్యాలయంలో టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుని, వచ్చిన ప్రతి ఫోనునూ అడిగినవాళ్ల గదికి కలిపింది. బోర్డులు తీసేసి ఆ పని యంత్రాలకు అప్పగించాక ఇంటిపట్టునే ఉండి, ఆసుపత్రి డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటల్ని టైపు చేసి తిరిగి పంపుతోంది. ఇప్పుడు యాభై ఆరేళ్లు. పెళ్లి కాలేదు. మూడో అంతస్తులో రెండు గదులు. ఇంట్లో రెండో గొంతంటూ ఉంటే అది జలుబాయనదే.

జలుబాయన ఆమె కంప్యూటరు లోపల ఉండే ఒక కార్డు. తెర మీదికి వచ్చిన ప్రతి అక్షరాన్నీ పైకి చదివి వినిపిస్తుంది. ముక్కు దిబ్బడేసిన మనిషి మాట్లాడినట్టుంటుంది గనక ఆ పేరు. కొత్త ఫోన్లలో మాట్లాడే గొంతులు తేనె పూసినట్టుంటాయి గాని, కాస్త వేగం పెంచితే ముద్దముద్దగా అయిపోతాయి. జలుబాయన ఎంత తొందరగా చదివినా ఏ అక్షరానికి ఆ అక్షరం విడిగా వినబడుతుంది. పక్కింటివాళ్లకు మాత్రం అది రేకుల కప్పు మీద వడగళ్ల వానలా ఉంటుంది.

ఆ కంప్యూటరు పాతికేళ్ల నాటిది. అలాంటి కార్డు పట్టే గాడి ఇప్పటి యంత్రాల్లో లేదు. ఆమె అన్నయ్య తన ఆఫీసులో పారేయబోతుంటే మోసుకొచ్చి పెట్టాడు. దానికి తగ్గ కెర్నెల్ కూడా ఆయనే తయారుచేశాడు. కెర్నెల్ అంటే కంప్యూటరుకు ఇంటి యజమానురాలి లాంటిది. ఏ ముక్క చేత ఏ పని ఎప్పుడు చేయించాలో అదే చూసుకుంటుంది. కొత్త కెర్నెళ్లు కొత్త యంత్రాల కొలతలతో వస్తాయి. పాత యంత్రానికి కావాలంటే మనమే కత్తిరించి కుట్టుకోవాలి. అన్నయ్య ఆదివారాల్లో వచ్చి ఆ పని చేసి వెళ్లేవాడు. ఆయన పోయి మూడేళ్లయింది. ఈ మూడేళ్లూ ఆయన చేసిపెట్టిన కెర్నెలే నడుస్తోంది.

ఒకటో తారీకు నుంచి పాత సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లకు రిపోర్టులు పంపే తమ వెబ్‌సైటు ద్వారం తెరుచుకోదని ఆసుపత్రివాళ్లు కబురు చేశారు. ఆమె బుధవారం ఉదయం ధైర్యం చేసి అన్నిటినీ కొత్తవాటికి మార్చమని ఆజ్ఞ ఇచ్చింది. జలుబాయన ఒక్కో పేరూ చదువుతూ పోయాడు. చివర ముగిసిందన్నాడు. ఆమె యంత్రాన్ని ఆపి మళ్లీ వేసింది.

ఫ్యాను తిరిగింది. డిస్కు గరగరమంది. అంతలోనే ఆగిపోయింది. తర్వాత ఏ శబ్దమూ లేదు.

నాలుగుసార్లు వేసి చూసింది. ప్రతిసారీ అంతే. ఫోను కెమెరా తెరకు ఎదురుగా పట్టుకుని ఏముందో చదవమంటే, ఆ తేనె గొంతు వెలుతురు కనబడుతోందని మాత్రం చెప్పింది. కింద ఉండే వాచ్‌మన్‌ను పిలిస్తే, తెల్లక్షరాలు ఉన్నాయనీ, ఇంగ్లీషనీ, అంతకు మించి తన వల్ల కాదనీ అన్నాడు. రిపేరు షాపతనికి ఫోన్ చేసి యంత్రం వయసు చెప్పింది. దానికి డాక్టరు కాదు, దండ కావాలన్నాడు.

గురువారం, శుక్రవారం ఆ ఇంట్లో మాటన్నది లేదు. గొంతు లేకపోతే గదులు కూడా పెద్దవైపోతాయి కాబోలు, తెలిసిన కుర్చీకే రెండుసార్లు మోకాలు కొట్టుకుంది. నీళ్లు మరుగుతుంటే "వస్తున్నా వస్తున్నా" అని కెటిల్‌కు జవాబు చెప్పి, తన మాట తనకే వినబడి ఆగిపోయింది. ఆసుపత్రి మేనేజరు మంగళవారం దాకా చూస్తానని, ఆ తర్వాత పని ఇంకొకరికి ఇవ్వక తప్పదని మర్యాదగానే చెప్పాడు.

తెర మీది అక్షరాలు చదివే కళ్లు కావాలి. ఆమెకు తెలిసినవాళ్లలో అలాంటి కళ్లు ఒక్కరివే ఉన్నాయి. వదినవి.

వదిన మందుల షాపులో పనిచేస్తుంది. ముప్పై ఏళ్లుగా డాక్టర్ల రాతలు చదువుతోంది. ఊళ్లో అటు చివర ఉంటుంది, రెండు బస్సుల దూరం. అన్నయ్య పోయిన వారానికే ఆమె వదినకు ఫోన్ చేసి, ఆయన బల్ల సొరుగులో కంప్యూటరు సంగతులు రాసుకున్న పుస్తకం ఉండాలి, ఒకసారి వెతకమని అడిగింది. నిజానికి ఆ రోజు ఆమెకు పుస్తకంతో పనేమీ లేదు. ఏదో ఒకటి మాట్లాడకపోతే ఏడుపొచ్చేలా ఉండి, నోటికి వచ్చింది అడిగేసింది. వదిన ఒకే మాట అంది: "నీకు అన్న పోలేదమ్మాయ్. రిపేరు చేసేవాడు పోయాడు."

అప్పటినుంచి ఒకరికొకరు ఫోన్ చేసుకోలేదు.

శుక్రవారం సాయంత్రం ఆమె ఆ నంబరు నొక్కింది. క్షేమం అడిగే ధైర్యం లేక నేరుగా విషయానికే వచ్చింది. కంప్యూటరు మూగబోయిందని, తెర చదవడానికి ఒక మనిషి కావాలని, ఆదివారం వీలవుతుందా అని అడిగింది. మళ్లీ రిపేరు గురించే ఫోన్ చేశానన్న సంగతి మాట్లాడుతుండగానే గుర్తొచ్చి మాట తడబడింది. వదిన ఆ ప్రస్తావన తేలేదు. ఎనిమిదింటికల్లా వస్తానంది.

అన్నట్టే వచ్చింది. మెట్లెక్కిన ఆయాసంలో ముందు నీళ్లడిగింది. కళ్లజోడు తుడుచుకుని తెర ముందు కూర్చుంది.

"ఈ కెర్నెల్‌కి ఐ-ఆరు-ఎనిమిది-ఆరు ప్రాసెసర్ కావాలట. ఇక్కడున్నది ఐ-ఐదు-ఎనిమిది-ఆరేనట. కుదరదంటోంది," అని చదివింది. "అంకె ఒక్కటే తేడా. మా షాపులో అయితే సర్దుకునేవాళ్లం."

ఆపరేటరమ్మకు సంగతి అర్థమైంది. కొత్త కెర్నెల్ ఈ ముసలి ప్రాసెసర్‌ను గుమ్మంలోనే ఆపేసింది. యంత్రం వేయగానే తెర మీదికి వచ్చే మొదటి పట్టికలో కిందికి దిగితే అన్నయ్య చేసిన పాత కెర్నెల్ ఇంకా ఉందేమో చూడమంది. ఉంది. దాన్ని ఎంచుకుంటే యంత్రం లేచింది గాని గొంతు మాత్రం రాలేదు. మెమరీ ఆదా అవుతుందని అన్నయ్య జలుబాయన్ను కెర్నెల్‌లో కలపకుండా, అవసరమైనప్పుడు లేచి వచ్చేలా డిస్కులో ఓ మూల విడిగా పెట్టాడు. బుధవారం నాటి మార్పుల్లో ఆ మూల కాస్తా ఊడ్చుకుపోయింది.

ఇక చేయవలసింది ఒక్కటే, కొత్త కెర్నెల్‌ను ఈ యంత్రం కొలతలకు కుట్టుకోవడం. అందుకు వందల ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. ప్రతి ప్రశ్నకూ జవాబులు మూడు: కావాలి, వద్దు, పిలిస్తే రావాలి. వదిన చదువుతుంది, ఆమె చెబుతుంది, వదిన వేలితో ఒక మీట నొక్కుతుంది.

ముందుగా ప్రాసెసర్ రకం ఐదు-ఎనిమిది-ఆరుకు దింపించింది. తర్వాత ఇక ప్రవాహమే. రేడియో కావాలా అంటే వద్దంది. టీవీ కార్డు వద్దు. ఆటలాడే కర్ర వద్దు. ఎవరూ చూడని తెరకు రంగుల హంగులు వద్దే వద్దు.

"ఏదడిగినా వద్దంటావు," అంది వదిన. "నిన్ను చేసుకుని ఉంటే ఎవడో సుఖపడేవాడు."

ఆమె నవ్వింది. నవ్వి ఎన్నాళ్లయిందో, ముఖం బిగుసుకున్నట్టనిపించింది.

గొంతు దగ్గరికి వచ్చేసరికి ఆలోచించకుండా "కావాలి" అంది. పిలిస్తే వచ్చేవాడుగా ఈసారి వద్దు, మొదటి క్షణం నుంచీ లోపలే ఉండాలి. అందుకు అయ్యే మెమరీని ఇంకోచోట మిగిల్చింది. డిస్కు సంగతి వచ్చినప్పుడు, ఆ ఆదా చేసే ఊపులోనే, పిలిస్తే రావాలి అనేసింది.

పదిన్నరకు ప్రశ్నలు ముగిశాయి. తయారీ మొదలైంది. ఈ యంత్రానికి అది ఏడు గంటల పని.

ఆ ఏడు గంటలూ వదిన ఉండిపోయింది. పాత కెర్నెల్ మూగది గనక, మధ్యలో తప్పేమైనా తెర మీదికి వస్తే చదవాలి. ఇద్దరూ ఇంత అన్నం తిన్నారు. వదిన మంచం మీద నడుం వాల్చింది. నెలాఖరుకు మందుల షాపు మూసేస్తున్నారని, తను వేరే ఊళ్లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నానని, ఇల్లు ఖాళీ చేస్తున్నానని ఒకదాని వెంట ఒకటి, వేరెవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. ఆపరేటరమ్మ మంచిదేనంది. లేచి తిన్న కంచాలు కడిగి వచ్చింది.

వదిన నిద్రపోయిందనే అనుకుంది. ఉన్నట్టుండి మంచం మీంచి ప్రశ్న వచ్చింది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. మీ అన్నయ్య ఇక్కడికి వచ్చినప్పుడు ఏం మాట్లాడేవారు?"

"ఏం మాట్లాడతాడు వదినా. మీరు ఇందాక చదివారే, అవే. ఇది కావాలా, వద్దా అనేవాడు. నేను చెప్పేదాన్ని."

"అంతేనా?"

"టీ తాగేవాడు. పోతూ తలుపు సరిగ్గా వేసుకో అనేవాడు."

వదిన లేచి కూర్చున్న చప్పుడైంది. "ఇంట్లో నాతో రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆదివారం వస్తే పొద్దున్నే చొక్కా తొడుక్కుని ఇక్కడికి బయలుదేరేవారు. మాటలన్నీ మూటగట్టుకుని నీ దగ్గర విప్పుతున్నారనుకున్నాను. ఏళ్ల తరబడి అలాగే అనుకున్నాను."

ఆపరేటరమ్మ అనుకున్నది సరిగ్గా దీనికి తలకిందులు. తన దగ్గర తెర చదివి పోయే మనిషి ఇంటికెళ్లి భార్యతో కబుర్లాడుతుంటాడని, తనకు వచ్చేది మిగులేనని అనుకునేది. ఆ మాటే మెల్లగా చెప్పింది.

"మరి ఆ మనిషి మాటలు ఎవరికి చెప్పారో," అంది వదిన. తర్వాత ముక్కు చీదింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆపరేటరమ్మకు శబ్దాన్ని బట్టి తెలియలేదు. జీవితమంతా గొంతులు విని మనుషుల్ని పోల్చుకున్న ఆమెకు అది తెలియలేదు.

అయిదున్నరకు డిస్కు ఆగింది. కొత్త కెర్నెల్‌ను దాని చోట పెట్టి యంత్రాన్ని మళ్లీ వేశారు. ఫ్యాను తిరిగింది. డిస్కు ఒకసారి కదిలింది.

జలుబాయన మాట్లాడాడు.

మొదటి వరుస నుంచీ, అదే దిబ్బడ గొంతుతో, వచ్చింది వచ్చినట్టు చదివాడు. చదువుతూ చదువుతూ వెళ్లి, డిస్కు కనబడటం లేదు, ఇక ముందుకు పోలేను అని చెప్పి ఆగాడు. వదినకు ముక్క అర్థం కాలేదు. ఆపరేటరమ్మ మాత్రం నుదురు కొట్టుకుంది. డిస్కును తెరిచే ముక్కను పిలిస్తే రావాలంది కదా. పిలవడానికి అది ఉన్నది ఆ డిస్కులోనే. తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టయింది. దిద్దాల్సింది ఒక్క జవాబు. దాన్ని మార్చి మళ్లీ తయారు చేయించాలి, ఈసారి అంతసేపు పట్టదు.

"ఎలాగైతేనేం, మాట్లాడాడు," అంది వదిన. "ఇక ఏం తప్పొచ్చినా నీకే చెబుతాడు." కళ్లజోడు పెట్టెలో పెట్టి మూసిన టక్కుమన్న చప్పుడు వినబడింది. కాస్సేపటికి, "ఉండమంటావా?" అని అడిగింది.

పాత కెర్నెల్‌లోకి పోయి దిద్దాలంటే మళ్లీ గొంతు ఉండదు. కళ్ల అవసరం ఇంకా ఉంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అది చెబితే మళ్లీ అవసరం కోసం ఆపినట్టవుతుంది. అవసరం ఊసెత్తకుండా ఉండమనడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

"వద్దులే వదినా. బస్సు తప్పిపోతుంది," అంది.

వదిన సరేనంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడి, తలుపు గడియ వదులైంది, బిగించుకోమని చెప్పి మెట్లు దిగింది. ఆపరేటరమ్మ ఆ అడుగులు మూడు అంతస్తులూ లెక్కపెట్టి, వీధి చప్పుడులో కలిసిపోయేదాకా విని, తలుపు వేసుకుంది.

మరునాడు పొద్దున ఆ పని ఒంటరిగానే చేసింది. బాణపు గుర్తు మీట ఎన్నిసార్లు నొక్కితే పాత కెర్నెల్ వస్తుందో నిన్న లెక్క పెట్టుకుంది. ఆ మూగ యంత్రం ముందు కూర్చుని, వేళ్ల మీది నమ్మకంతో ఒక్కో ఆజ్ఞా టైపు చేసింది. పని అయితే కూత పెట్టమని చివరన రాసింది. ఎక్కడో అక్షరం తప్పు పడి మొదటిసారి వెంటనే కూసింది. రెండోసారీ అంతే. మూడోసారి డిస్కు గరగర మొదలై గంటన్నర సాగింది. కూత వచ్చాక యంత్రాన్ని ఆపి మళ్లీ వేసింది. జలుబాయన మొదటి నుంచి చివరిదాకా చదివి, లోపలికి రావాలంటే పేరు చెప్పమని అడిగాడు. ఆమె మీటల మీద చేతులు పెట్టి, తన పేరు టైపు చేసింది.

ఆసుపత్రి ద్వారం తెరుచుకుంది. మధ్యాహ్నానికి పన్నెండు రిపోర్టులు పంపింది. ఆ తర్వాత వదినకు ఫోన్ చేసి, నడుస్తోందని చెప్పింది. వదిన సంతోషమంది.

"వదినా, ఆ రోజు నేను పుస్తకం అడగకుండా ఉండాల్సింది."

"నేను ఆ మాట ఊరికే అనలేదమ్మాయ్. నిజమనుకునే అన్నాను," అంది వదిన. "నిన్నటిదాకా అదే అనుకున్నాను." షాపులో ఎవరో వచ్చినట్టున్నారు, మాత్రలు రోజుకు రెండుసార్లు వేసుకోమని వాళ్లకు చెబుతూ ఫోన్ పెట్టేసింది.

నెలాఖరున వదిన వెళ్లిపోయింది. బయలుదేరేముందు వస్తుందేమోనని ఆపరేటరమ్మ రెండు రోజులు జలుబాయన వేగం తగ్గించి, మెట్ల వైపు ఓ చెవి వేసి పని చేసింది. సామాన్ల హడావిడిలో వీలు పడలేదని తర్వాత తెలిసింది.

వెళ్లిన ఇరవై రోజులకు ఒక మధ్యాహ్నం వదిన దగ్గరనుంచి ఫోన్ వచ్చింది. అక్కడ ఎండ ఎలా ఉందో చెప్పింది. చెల్లెలి మోకాళ్ల నొప్పుల గురించి చెప్పింది. కంప్యూటరు ఎలా ఉందని అడిగితే, బాగానే ఉందని ఈమె చెప్పింది. ఆరోగ్యం అడిగితే అదీ బాగానే ఉందంది. తర్వాత చెప్పుకోవడానికి ఇద్దరి దగ్గరా ఏమీ లేకపోయింది. అయినా ఫోన్ ఎవరూ పెట్టలేదు. అవతల ఎక్కడో కొళాయి నుంచి బకెట్లోకి నీళ్లు పడుతున్నాయి. బకెట్టు నిండుతున్నకొద్దీ ఆ శబ్దం సన్నబడుతోంది. ఆపరేటరమ్మ ఫోను చెవికి ఆనించుకుని, అక్కడ ఎవరో వదినను పిలిచేదాకా వింటూ కూర్చుంది.