పొత్తుల కుక్క

పొద్దు వాలగానే పూలి పొయ్యి రాజేస్తుంది. జొన్నరొట్టె ముందు కుక్కకు పెట్టి, తర్వాతే తాను తింటుంది. అది మూతి నాక్కుని చేను గట్టెక్కి, "పూలీ, తిన్నవా?" అని పిలుస్తుంది. ఆ గొంతు ఆమె మొగుడు హాతీరాంది. జామాయిలు లోడు ట్రాక్టరు బోల్తా పడి అతను పోయి రెండేళ్లయింది. ఆ కుక్క ఎవరిదైతే వాళ్లింట్లో పోయినవాళ్ల గొంతు దానికి వస్తుంది. దాని తల్లికీ అంతే. తండాలో దానికెవరూ వింతపడరు. మగమనిషి గొంతు వింటే అడవిపందులు మొక్కజొన్న చేల వైపు రావు, వాళ్లకు కావలసింది అదొక్కటే.

పక్క గూడెం జంపక్క చేను పూలి చేనుకు ఆనుకునే ఉంటుంది. ఈసారి పందులు దాన్ని సగం తొక్కిపోయాయి. ఒంటెద్దు వాళ్లిద్దరు ఎడ్లను పొత్తు కలుపుకున్నట్టే కుక్కనూ కలుపుకుందాం, ఒక వారం నీ దగ్గర, ఒక వారం నా దగ్గర అని జంపక్క అడిగింది. ఎద్దునైతే ఎవరైనా ఇస్తారు, మొగుడి గొంతును ఎట్లా ఇస్తారు? పూలి సాకులు వెతికింది. దానికి చెప్పులు కొరికే అలవాటంది, గొలుసు లేదంది. జంపక్క అన్నీ విని గట్టు మీద కూలబడింది.

"పందుల ముచ్చట కాదే చెల్లే. నా కొడుకు సమ్మయ్య బోరుబండి మీద పనికి పోయి ఏడాదాయె. ఫోను లేదు. ఉన్నడో లేడో నీ కుక్కే చెప్పాలె."

"వాని గొంతుతోని పిలిస్తేనో?"

"పిలిస్తే ఏడుస్త. ఇప్పుడు గదీ చేతనైతలేదు."

పూలి ఇక కాదనలేకపోయింది. ఇద్దరూ కలిసి ఒకే విస్తరిలో కుక్కకు అన్నం పెట్టి పొత్తు కుదుర్చుకున్నారు.

మొదటి వారం గడిచాక జంపక్క కుక్కను తోలుకొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. అక్కడ కూడా అది రోజూ హాతీరాం గొంతుతోనే, "పూలీ, తిన్నవా?" అందట.

"నీ మొగడే నా చేను కాసిండు. నా కొడుకు ఏడనో బతికే ఉన్నడే," అంది. వాడి కోసం నులక మంచం కొత్తగా అల్లిస్తోందట.

ఆ సాయంత్రం పూలి ఆత్రంగా రొట్టె పెట్టింది. కుక్క గట్టెక్కి, "అవ్వా, సలి పెడుతున్నదే," అంది. పూలికి పిల్లల్లేరు. అది సమ్మయ్య గొంతు. పొత్తులో ఈ ఇంటి గొంతు ఆ ఇంటికీ, ఆ ఇంటిది ఈ ఇంటికీ పోయాయి.

చెబుదామని మర్నాడు గూడెం దాకా పోయింది. జంపక్క మంచం నులక బిగిస్తూ, కొడుకు పొడుగుకు సరిపోతుందా అని అడిగింది. పూలి సరిపోతుందని చెప్పి వచ్చేసింది. తర్వాతి వారం జంపక్క కుక్క కోసం వస్తే, ఇవ్వనని తెగేసి చెప్పింది. ఏదో ఒక రోజు ఆ గొంతు అసలు ఇంటికే చేరుతుందేమోనని ఆమె భయం. జంపక్క తిట్టి, శాపనార్థాలు పెట్టి పోయింది. తండావాళ్లూ పూలిదే తప్పన్నారు.

పొత్తు తెగినా హాతీరాం గొంతు మళ్లీ రాలేదు. పూలి ఇప్పుడు పొద్దు వాలకముందే కుక్కను లోపలికి లాగి తలుపేసుకుంటోంది. కాపలా లేక ఇద్దరి చేలూ పందుల పాలయ్యాయి. కుక్క మూలన ముడుచుకుని, "అవ్వా, సలి," అంటుంది. పూలి దాని మీద దుప్పటి కప్పుతుంది.

"మెల్లగ అను బిడ్డా," అంటుంది. "మీ అవ్వ వింటది."