ఉపదేశి చెప్పిన రెండో సాక్ష్యం

డయాలసిస్ గదిలో పన్నెండు కుర్చీలు ఉండేవి. కిటికీ వైపు ఐదోది మాస్టారిది, ఆరోది ఉపదేశిగారిది. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున్న ఎనిమిదింటికల్లా ఇద్దరూ వచ్చి, బరువు చూసుకుని, చేతికి రెండేసి సూదులు వేయించుకుని, నాలుగు గంటలపాటు కూర్చోవాలి. ఒంట్లోని రక్తం గొట్టం గుండా యంత్రంలోకి పోయి, శుభ్రపడి, ఇంకో గొట్టం గుండా తిరిగి రావాలి. అంతసేపూ చేతికి పనిలేదు. ఉన్న పనల్లా నోటికే. రెండేళ్ళుగా ఆ రెండు నోళ్ళూ దేవుడి సంగతి మీదే నడుస్తున్నాయి.

మాస్టారు ముప్ఫై మూడేళ్ళు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. దేవుణ్ణి నమ్మరు. నమ్మని సంగతి దాచుకోరు కూడా. ఉపదేశిగారు వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేస్తూనే, చర్చిలో బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్ళకు పాఠాలు చెప్పేవారు. వర్క్‌షాపు వదిలేసినా ఆ పాఠాలు వదల్లేదు. ఆసుపత్రిలో నర్సమ్మ దగ్గర్నుంచి నేల తుడిచే ఆవిడ దాకా అందరికీ ఆయన ఉపదేశిగారే.

ఒకరోజు సూది సరిగ్గా దిగక మూడుసార్లు పొడిపించుకున్న మాస్టారు, లోకాన్ని ఆరు రోజుల్లో ముగించినాయన మూత్రపిండాల దగ్గర ఇంకో రోజు తీరిగ్గా కూర్చుని ఉండాల్సిందని విసుక్కున్నారు. ఉపదేశిగారు నవ్వారు. ముప్ఫై మూడేళ్ళు మీరు చెప్పినా సగం మంది పిల్లలకి ఫిజిక్స్ రాలేదు కదా, అంతమాత్రాన ఫిజిక్స్ లేనట్టా అని అడిగారు. సూదులు ఉన్నాయి కాబట్టి కదలకూడదని నర్సమ్మ కోప్పడేదాకా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. మాటలు ఎప్పుడూ నవ్వులతోనే ముగిసేవని కాదు. చచ్చినవాడు మూడో రోజు లేవడం గురించి, నమ్మనివాళ్ళకు నరకం అనడం గురించి గొంతులు పెరిగిన రోజులున్నాయి. ఒకసారి వారం రోజులు ముఖాలు తిప్పుకుని కూర్చున్నారు కూడా. అయినా మాస్టారికి శుక్రవారం వెళ్ళాక సోమవారం ఎప్పుడొస్తుందా అని ఉండేది. ఆ సంగతి ఆయన కూతురికి కూడా చెప్పలేదు.

అలాంటిది ఒక సోమవారం ఆరో కుర్చీ ఖాళీగా ఉంది.

నర్సమ్మ ఫోన్ చేస్తే ఉపదేశిగారి భార్య ఎత్తింది. చర్చిలో మూడు రోజులు స్వస్థత కూటాలు జరిగాయట. వేరే ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఆదివారం సాయంత్రం ఉపదేశిగారిని వేదిక మీదికి పిలిచి, నడుము మీద చేతులుంచి, దేవుడు నీకు కొత్త మూత్రపిండాలిచ్చాడని ప్రకటించాడట. నడుములో వేడి పుట్టిందని, తాను బాగుపడ్డానని ఈయన అందరి ముందూ సాక్ష్యం చెప్పారట. ఇక రానక్కర్లేదని చెప్పి ఆవిడ ఫోన్ పెట్టేసింది.

మొదట మాస్టారికి కోపం వచ్చింది. ఆ వెనకే, ఒప్పుకోవడానికి సిగ్గుపడాల్సినంత సంతోషం కూడా కలిగింది. రెండేళ్ళ వాదనలో ఇంతకంటే గట్టి రుజువు ఇంకేం కావాలి? మనిషి తిరిగొచ్చి కూర్చున్నాక ఏమనాలో ఆ నాలుగు గంటలూ మనసులో కూర్చుకున్నారు. బుధవారం కూడా మనిషి రాలేదు. ఆ రోజు ఆయన వాదన కూర్చుకోలేదు, లెక్క కట్టారు. ఉపదేశిగారికి మూత్రం రావడం ఆగిపోయి ఏడాది దాటింది. తాగిన ప్రతి గుక్కా ఒంట్లోనే నిలుస్తుంది. ముందు పాదాలు, తర్వాత ఊపిరితిత్తులు. ఈలోగా రక్తంలో పేరుకునే పొటాషియం గుండెను ఏ క్షణమైనా ఆపెయ్యొచ్చు. పిల్లల చేత ఎన్నో లెక్కలు చేయించిన మనిషికి ఆ లెక్క రెండోసారి చేయాలనిపించలేదు.

శుక్రవారం సూదులు తీయగానే ఆయన నర్సమ్మను అడిగారు, తీసుకొస్తే యంత్రం దొరుకుతుందా అని. సాయంత్రం ఆరింటిదాకా తాను ఉంటానని, ముందు మీరు ఇంటికెళ్ళి పడుకోండని ఆవిడ చెప్పింది. మొదటి మాట మాత్రం విని ఆయన ఆటో ఎక్కారు.

తలుపు ఉపదేశిగారి భార్య తీసింది. రెండేళ్ళలో ఆసుపత్రి వరండాలో ఆవిడను చాలాసార్లు చూశారు కానీ, ఆ ఇంటికి వెళ్ళడం అదే మొదలు. ముందుగదిలో సంఘపెద్దలు ఇద్దరు మోకాళ్ళ మీద ఉన్నారు. ఉపదేశిగారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి మూడు రాత్రులుగా అలాగే ఉన్నారని చూడగానే తెలిసింది. పాదాలు చెప్పుల్లో పట్టేలా లేవు. కళ్ళ కింద సంచులు దిగాయి.

"రండి బావగారూ" అన్నారు ఆయన, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. కోపంలో ఉన్నప్పుడు మాస్టారూ అని, మనసు బాగున్నప్పుడు బావగారూ అని పిలవడం ఆయనకు అలవాటు.

పెద్దల్లో వయసు మీదపడ్డాయన లేచి, నమ్మకం లేని మనిషి ఈ ఇంట్లో ఉంటే ప్రార్థనకు అడ్డమని, ఏమీ అనుకోకుండా బయట కూర్చోమని మర్యాదగానే చెప్పారు. మాస్టారు కదల్లేదు. రక్త పరీక్ష ఒక్కటి చేయిద్దాం, బాగుపడిన మాట నిజమైతే రక్తమే చెబుతుంది, అప్పుడు నేనే మీ చర్చికొచ్చి అందరి ముందూ ఒప్పుకుంటాను అన్నారు. దేవుణ్ణి పరీక్షించడం పాపమన్నారు పెద్దాయన.

"దేవుణ్ణి కాదండీ. ఆ వచ్చినాయన్ని పరీక్షిద్దామంటున్నా. ఆయన దేవుడు కాదు కదా?"

ఉపదేశిగారు తమ ఇద్దరినీ కొంచెంసేపు వదిలేయమని అందర్నీ అడిగారు. పెద్దలు ఇష్టం లేకుండానే వసారాలోకి వెళ్ళారు. భార్య వంటింట్లోకి వెళ్ళింది.

తలుపు దగ్గరగా వేశాక ఉపదేశిగారు చెప్పిన మాట మాస్టారు ఊహించనిది.

"నాకు మంగళవారమే తెలిసిపోయింది. చెప్పులు పట్టలేదు."

"మరి?"

"ఆదివారం అంతమంది లేచి నిలబడి ఏడ్చారు బావగారూ. సంతోషంతో. మా వెనక వీధిలో ఒకమ్మాయి ఉంది. ఆవిడ కూతురికి మూర్ఛలు, ఏడేళ్ళ పిల్ల. కూటం అయ్యాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మీకు చేసినాయన నా బిడ్డకి చెయ్యడా అంది. ఇప్పుడు నేను మళ్ళీ ఆ కుర్చీలో కూర్చున్నానని తెలిస్తే ఆవిడ ఏమైపోతుంది? నా ఒక్కడి ప్రాణం పెద్ద లెక్కలోది కాదు."

మాస్టారు మూఢనమ్మకంతో తగువు పడదామని వచ్చారు. ఇక్కడ చూస్తే నమ్మకం లేదు, మొహమాటం ఉంది, జాలి ఉంది. ఆ వాచిన పాదాల వైపు చూస్తూ నెమ్మదిగా అడిగారు.

"ఆ పిల్ల మందులు వేసుకుంటోందా?"

ఆ ప్రశ్న ఉపదేశిగారికి ఈ ఐదు రోజుల్లో తట్టలేదు. భార్యను కేకేసి అడిగారు. ఆవిడ గుమ్మంలో నిలబడి, ఆదివారం ఇంటికెళ్ళగానే ఆ తల్లి మాత్రలన్నీ పారేసిందని, సోమవారం మంచినీళ్ళ పంపు దగ్గర అందరికీ గొప్పగా చెప్పిందని చెప్పింది. చెప్పి, తను ఏమంటోందో అప్పుడే అర్థమైనట్టు గోడకు ఆనుకుంది.

మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"మీకు నేనొక సంగతి ఎప్పుడూ చెప్పలేదు. మా నాన్న కూడా సంఘపెద్దే. మా అక్కకి పన్నెండేళ్ళప్పుడు జ్వరం వచ్చింది. పదకొండు రోజులు ఇంటినిండా ప్రార్థన. డాక్టరు ఇల్లు రెండు వీధుల అవతల. పిలిస్తే నమ్మకం తక్కువైనట్టని పిలవలేదు. పన్నెండో రోజు పోయింది. దేవుడి చిత్తం అన్నారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు."

ఉపదేశిగారు ఆయన వైపు తిరిగారు. "రెండేళ్ళు గ్రహాల గురించీ రాళ్ళ వయసు గురించీ మాట్లాడారు. ఇదా అసలు సంగతి?"

"అవీ నిజమే. కానీ ముందు ఇది." అన్నారు మాస్టారు. "మా నాన్న చెడ్డవాడు కాదు. నలుగురూ చూస్తున్నారు, వెనక్కి తగ్గలేకపోయాడు. మీరు ఈ కుర్చీలో పోతే వీళ్ళు దేవుడి చిత్తం అనేసి ఊరుకుంటారు. ఆ తల్లి మాత్రం మీ మాట పట్టుకునే ఉంటుంది. మీ దేవుడున్నాడో లేడో తర్వాత కొట్టుకుందాం. ఉన్నాడనే అనుకోండి. అబద్ధంతో ఆయన పరువు నిలబెట్టమని మిమ్మల్ని అడిగాడా?"

ఉపదేశిగారు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయారు, లేవలేకపోయారు. "పట్టుకోండి" అన్నారు. డయాలసిస్ చేయించుకుని గంట కూడా కాని మాస్టారికి తన ఒళ్ళే తన మాట వినడం లేదు. ఒకరి మీద ఒకరు ఒరిగి ఇద్దరూ గుమ్మం దాకా వచ్చేసరికి వసారాలో పెద్దలు లేచి నిలబడ్డారు. వయసు మీదపడ్డాయన అడుగు ముందుకేసి ఉపదేశిగారి రెండో చెయ్యి పట్టుకున్నారు.

భార్య, ఆ పెద్దాయన కూడా ఎక్కిన ఆటో ఆసుపత్రికి తిన్నగా వెళ్ళలేదు. వెనక వీధిలో ఆపించి భార్యను పంపితే, ఆ తల్లి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ మెట్లు దిగి వచ్చింది. పిల్ల వెనకే వచ్చి తల్లి నడుము పట్టుకుని నిలబడింది. ఉపదేశిగారి ముఖం చూడగానే తల్లి ముఖం మారిపోయింది.

"నాకు బాగుపడలేదమ్మా" అన్నారాయన. "బాగుపడ్డానని చెప్పింది తప్పు. ఇప్పుడు ఆసుపత్రికి పోతున్నా. పాపకి మందులు వెయ్యి. ఇవాళే తెచ్చి వెయ్యి."

ఆవిడ పిల్లను దగ్గరికి లాక్కుంది. ఏడవలేదు.

"ఎవరికి చెప్పారండీ ఆ అబద్ధం? మాకా?"

"ముందు నాకే చెప్పుకున్నా."

"ఇప్పుడు నేనేం నమ్మాలి?"

మాస్టారి దగ్గర దానికి నలభై ఏళ్ళుగా సిద్ధంగా ఉన్న జవాబొకటి ఉంది. ఆ పిల్ల కళ్ళు చూశాక అది నోటిదాకా రాలేదు. ఉపదేశిగారు ఊపిరి కూడదీసుకుని, "మందు వెయ్యమ్మా. నమ్మకం సంగతి తర్వాత ఇద్దరం కలిసి చూసుకుందాం" అన్నారు. ఆవిడ పిల్లను తీసుకుని పైకి వెళ్ళిపోయింది. సంఘపెద్ద ఆటో దిగారు. తాను మందుల షాపుకి వెళ్ళొస్తానని, మీరు పొమ్మని చేత్తో సైగ చేశారు.

నర్సమ్మ చివాట్లు పెడుతూనే సూదులు వేసింది. ఆ సాయంత్రం ఒకసారి, శనివారం ఇంకోసారి ఒంట్లోంచి నీళ్ళు లాగారు. గుండె కొంత దెబ్బతిందని డాక్టరు చెప్పాడు.

ఆదివారం ఉపదేశిగారు చర్చిలో లేచి రెండోసారి సాక్ష్యం చెప్పారు. దారిలో పడిపోతారేమోనని తోడు వెళ్ళిన మాస్టారు, తొమ్మిదో ఏట వదిలేసిన బల్లల మీద, అన్నిటికంటే వెనకదాని మీద కూర్చుని విన్నారు. పెద్ద ప్రసంగమేమీ కాదు. నాకు స్వస్థత రాలేదు, వచ్చిందని చెప్పాను, మిమ్మల్ని మోసం చేశాను, ప్రభువును ఇప్పటికీ నమ్ముతున్నాను, నా మాట విని మందులు మానేసినవాళ్ళెవరైనా ఉంటే మళ్ళీ మొదలుపెట్టండి అని నాలుగు ముక్కలు చెప్పి కూర్చున్నారు. కొందరు లేచి వెళ్ళిపోయారు. ఒకావిడ, అవిశ్వాసితో స్నేహం చేస్తే ఇలాగే ఉంటుందని వినపడేటట్టే అంది. ఆ నెలలోనే సంఘం ఆయన్ని పాఠాలు చెప్పడం మానమంది. పేరు మాత్రం పోలేదు. అందరూ ఉపదేశిగారూ అనే పిలిచారు.

ఆ తర్వాత ఆయన పద్నాలుగు నెలలు బతికారు. పాఠాలు పోయినా మనుషులు ఇంటికి రావడం మొదలుపెట్టారు. చర్చిలో పైకి అడగలేని ప్రశ్నలు పట్టుకుని వచ్చేవాళ్ళు. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు, అడిగీ అడిగీ అలసిపోయినవాళ్ళు. మూర్ఛల పిల్ల తల్లి మూడు నెలలు వీధిలో ఎదురుపడినా తల తిప్పుకుంది. నాలుగో నెలలో తనే వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఆ ప్రశ్నలన్నీ ఆయన డయాలసిస్ గదికి మోసుకొచ్చి, దీనికి మీరేమంటారు బావగారూ అని అడిగేవారు. మాస్టారు నిజంగా ఆలోచించి చెప్పేవారు. ఏ మాట ఎవరింటికి చేరుతుందో తెలుసు కాబట్టి గెలవడానికి చెప్పేవారు కాదు. నరకం దగ్గర మాత్రం ఇద్దరూ చివరిదాకా తగువులాడుతూనే ఉన్నారు. మాస్టారు నమ్మలేదు, ఉపదేశిగారు మానలేదు.

ఒక శనివారం పొద్దున్న స్నానానికి నీళ్ళు పెట్టమని చెప్పి, ఉపదేశిగారు మంచం మీదే పోయారు. మర్నాడు పూడ్చిపెట్టేటప్పుడు ఆయన భార్య గుప్పెడు మట్టి తీసి, మీ బావగారు అని చెప్పి మాస్టారి చేతిలో పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు పైలోకంలో కలుసుకోవడం గురించి పాడారు. మూర్ఛల పిల్ల తన తల్లి పక్కన నిలబడి గట్టిగా పాడింది. మాస్టారు పాడలేదు. మట్టి వేసి, పాట అయ్యేదాకా తల వంచుకుని నిలబడ్డారు. ఆ కాసేపూ ఆయన మనసులో ఎదురు ప్రశ్న ఏదీ పుట్టలేదు.

సోమవారం కుర్చీలో కూర్చుని నర్సమ్మ సూది వేస్తుండగా పుట్టింది. మంచి ప్రశ్న. అడుగుదామని ఆయన పక్కకు తిరిగారు.