రాజమల్లయ్యకు తెలిసిన ఇంగ్లీషు

మా అమ్మాయి దేవిక డిగ్రీ పరీక్షకు చదువుతోంది. ఆ రోజంతా ‘కమ్’ అనే ఇంగ్లీషు క్రియతోనే గడిపింది. రావడం, చేరడం, జరగడం, నిజం కావడం. ఒక్క మాటకు ఇన్ని అర్థాలు. అడుగు వేయడం అనే పాత అర్థం నుంచి పుట్టిందట. మన ‘గమనం’ దానికి తోబుట్టువట.

సాయంత్రం పక్కింటి రాజమల్లయ్య చనిపోయాడు. చావింటి నుంచి లేచేటప్పుడు మా వైపు ఎవరూ ‘పోయొస్త’ అనరు. అలా అంటే వస్తానని పోయినవాడికి మాట ఇచ్చినట్టే. చప్పుడు చేయకుండా చెప్పులు తొడుక్కుని దిగుతాం. ఆయన భార్య లచ్చవ్వ చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే దేవిక ఉండబట్టలేక, శవం పక్కనే, “ఐ విల్ కమ్” అన్నది.

బయటికొచ్చాక కోప్పడ్డాను.

“ఇంగ్లీషుల అంటే ఏమైతది బాపూ? తాతకేం సమజైతది?”

నా కాళ్లు ఆగిపోయాయి. రాజమల్లయ్య ముంబై దగ్గర భీవండిలో చాలా ఏండ్లు మగ్గాల కంపెనీలో చేశాడు. అక్కడి సేటు వేలు ఆడించి ‘కమ్, కమ్’ అని పిలిచేవాడట. ఆయనకు తెలిసిన ఇంగ్లీషు అదొక్కటే. దేవికకు ఆ సంగతి చెప్పలేదు.

దినాలైపోయాయి. ఒక మధ్యాహ్నం లచ్చవ్వ మా వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతోంది. గొళ్లెం పెట్టిన వాళ్లింట్లో రాజమల్లయ్య నేసే మగ్గం ఆడింది.

దేవిక పుస్తకం పక్కన పెట్టి లేచింది. “వస్తున్న తాతా.”

“ఎవలు పిల్చిన్రే?”

“పిల్వలే బాపూ. తాత ఎదురుచూస్తుండు.”

మణికట్టు పట్టుకున్నాను. చల్లగా ఉంది. దుక్కిటెద్దులా నన్ను ఈడ్చుకుంటూ ఆ గుమ్మం దాకా పోయింది.

లచ్చవ్వ చాట పడేసి ఉరికొచ్చింది. గొళ్లెం తీసి, ద్వారానికి అడ్డం నిలబడి లోపలికి అరిచింది.

“ఓ ముసలోడా! సదువుకునే పోరితోని నీకేం పని? దానికి దారం పట్టుడన్నా వచ్చునా? కండెలు సుట్టనీకె మనిషి గావాల్నంటే నేను సచ్చిన్నా?”

మగ్గం ఆగింది. కాసేపటికి ఒక్కసారి టక్కుమంది.

లచ్చవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. “పిల్లను ఇంట్లకు తీస్కపో అయ్యా. అది ఇచ్చిన మాట నేను చెల్లిస్త.”

“వద్దు చిన్నవ్వా...”

“నువ్వు నడువు.”

లోపలికి పోయి గడియ పెట్టుకుంది. దేవిక చెయ్యి నా చేతిలో మెల్లగా వెచ్చబడింది. తలుపు వెనక మగ్గం మళ్లీ ఆడింది. ఈసారి దానితోపాటు కండెలు చుట్టే రాట్నం చప్పుడు కూడా వినిపించింది.